బెల్ కొట్టినా అయిపోని కాలేజీ

ఈ మధ్య ఒక మంగళవారం, ఫస్ట్ అవర్. బీటెక్ ఫస్టియర్ వాళ్ళకి ఫిజిక్స్‌లో డిఫ్రాక్షన్ గ్రేటింగ్ పాఠం చెప్తున్నాను. మూడో బెంచీలో ఒకమ్మాయి పెన్ను పట్టుకుని కూర్చున్నచోటే కునుకు తీస్తోంది. లేపాను. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "రాత్రంతా ఇన్‌స్టాలో ఉన్నావా ఏంటి?" అన్నాను, క్లాసంతా వినేలా. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "లేదు మేడమ్. మీరు గ్రూపుల స్లిప్ టెస్ట్ అని పెట్టిన్రు కదా. పదకొండుకు చూసిన. చదివేసరికి రెండున్నర అయింది" అంది.

ఆ మెసేజ్ నేను పెట్టింది రాత్రి 10:48కి. అన్నాలు అయ్యాయి, గిన్నెలు సర్దుకున్నాను, మంచమెక్కి రేపటి క్లాసు గురించి ఆలోచిస్తుంటే టెస్ట్ పెడితే బాగుండు అనిపించింది. అనిపించగానే పెట్టేశాను. పొద్దున క్లాసులో చెప్పి ఎల్లుండి టెస్ట్ పెట్టుకుంటే ఏం పోయేది? ఏమీ పోదు. కానీ ఫోన్ చేతిలో ఉంది, గ్రూప్ ఉంది, అందులో అరవై ఆరు మంది పిల్లలున్నారు. పని అయిపోయిందనుకుని హాయిగా పడుకున్నాను కూడా.

విద్యార్థులు, సోషల్ మీడియా అనే మాట వస్తే మన దగ్గర అందరిదీ ఒకటే పాట. పిల్లలు పాడైపోతున్నారు, ఫోన్లోంచి తల ఎత్తట్లేదు, పుస్తకం ముట్టట్లేదు. మా స్టాఫ్ రూములో లంచ్ బాక్సులు తెరిస్తే చాలు, ఇదే మొదలు. నేనూ వంత పాడినదాన్నే. ఆ మంగళవారం తర్వాత మాత్రం గొంతు పెగలడం లేదు. ఎందుకంటే ఈ పిల్లల టైమ్ అంతా రీల్స్ మింగేస్తున్నాయన్నది సగం మాటే అని నాకు అనుమానం మొదలైంది. అసలు పోయింది రోజుకి ఉండాల్సిన చివర. మా చదువుల్లో సాయంత్రం నాలుగుంబావుకి బెల్ కొడితే కాలేజీ అయిపోయేది. లెక్చరర్ల మీద కోపం, క్లాసులో అయిన అవమానం, ఎవరితోనో పడ్డ పేచీ, అన్నీ గేటు దగ్గర ఆగిపోయేవి, కనీసం మర్నాటి దాకా. ఇప్పుడూ బెల్ కొడతారు. కానీ కాలేజీ వాళ్ళ జేబులో పడి ఇంటికి వెళ్తుంది, కంచం పక్కన కూర్చుంటుంది, దిండు కింద దూరుతుంది. దాన్ని అక్కడికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను ఓయూలో ఎమ్మెస్సీ చేసింది 2005-07లో. ఆర్కుట్ అనే సోషల్ సైట్ ఏలుతున్న రోజులు. విద్యానగర్‌లో మేముండే హాస్టల్ సందు చివర ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి పదిహేను రూపాయలు. చెక్క క్యాబిన్లు, జిడ్డు కీబోర్డు, కదలమంటే కదలని మౌస్. శనివారం సాయంత్రం ముగ్గురం కలిసి వెళ్ళి ఒక గంటకి డబ్బు కట్టి తలా ఇరవై నిమిషాలు పంచుకునేవాళ్ళం. స్క్రాప్‌బుక్‌లో ఎవరేం రాశారో చూడటం, జవాబులు రాయడం, టెస్టిమోనియల్ ఏమైనా వచ్చిందేమో అని వెతుక్కోవడం. కౌంటర్ దగ్గర అబ్బాయి "మేడమ్, టైమ్!" అని కేకేస్తే లాగౌట్ అయి బయటికి వచ్చేసేవాళ్ళం. బయట మిర్చి బజ్జీల బండి. ఆర్కుట్ సంగతులు ఆ బండి దగ్గరే తినేసి, నూనె కాగితంతో పాటు అక్కడే పారేసి హాస్టల్‌కి వెళ్ళేవాళ్ళం. మళ్ళీ శనివారం దాకా ఎవరేం రాశారో తెలిసేది కాదు.

అవి బంగారు రోజులని మాత్రం అనను. ఆ నెట్ సెంటర్‌కి ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళాలంటే భయం, అందుకే ముగ్గురం. మా క్లాసమ్మాయి ఫొటో పెట్టి ఎవడో దొంగ ప్రొఫైల్ తెరిస్తే ఆ పిల్ల రెండు వారాలు మెస్‌కి కూడా రాలేదు. దుర్మార్గం అప్పుడూ ఉంది. కాకపోతే దాని దగ్గరికి మనం నడిచి వెళ్ళాల్సి వచ్చేది. అదే ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. పెద్దగా బాధపడ్డ గుర్తు లేదు, అప్పటికే అందరం ఫేస్‌బుక్‌లో కాపురం పెట్టేశాం.

ఫేస్‌బుక్ పుట్టింది కూడా విద్యార్థుల కోసమే, హార్వర్డ్ హాస్టల్ గదిలో, 2004 ఫిబ్రవరిలో. మొదట్లో కాలేజీ ఈమెయిల్ లేకపోతే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. పదమూడేళ్ళు దాటిన ఎవరైనా రావచ్చని తలుపులు తెరిచింది 2006 సెప్టెంబర్‌లో. అంటే ఈ సైట్లు ఎక్కడి నుంచో వచ్చి కాలేజీ జీవితం మీద పడ్డాయనడం కుదరదు. ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, ఎవరి ఫొటో బాగుంది, ఎవరికి ఎంతమంది ఫ్రెండ్స్ అనే హాస్టల్ కబుర్లే వాటి ముడిసరుకు. ఆ తర్వాత జరిగిందల్లా ఆపేవాటిని ఒక్కొక్కటిగా పీకేయడం. పేజీకి చివర లేకుండా వేలు జరుపుతున్న కొద్దీ కొత్తవి వచ్చి పడే పద్ధతిని ఏజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో తయారుచేశాడు. తర్వాత్తర్వాత ఆయనే, ఎందుకు చేశానా అని బాధపడ్డాడు. 2009లో లైక్ బటన్ వచ్చింది. మన దగ్గర 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ ప్యాక్ వేయించుకుని నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్ళం. డేటా అయిపోవడమే ఒక బెల్. అదీ పోయింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధిస్తే, పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాలో రీల్స్ ప్రత్యక్షం.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ కోపం వాట్సాప్ నీలం టిక్కుల మీద. 2014 నవంబర్‌లో పెట్టారు. అంతవరకు "చూడలేదు మేడమ్" అనే మాట ఒకటి ఉండేది. అబద్ధమే కావచ్చు. కానీ స్టూడెంట్‌కి ఆ అబద్ధం చాలా అవసరం. ఉత్తరం అందలేదనడం, బస్సు లేటయిందనడం, కరెంటు పోయిందనడం లాంటిదే అది, కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి. కావాలంటే నీలం టిక్కులు ఆఫ్ చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, కానీ గ్రూపుల్లో అది పనిచేయదు. మెసేజ్ మీద వేలు పెట్టి నొక్కితే ఎవరు చదివారో, ఎన్నింటికి చదివారో వరసగా చూపిస్తుంది. నేనూ ఆ లిస్టు చూశానని ఒప్పుకోవాలి. ఒకసారి కాదు.

లాక్‌డౌన్ సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. హోంవర్కు మాత్రం వాట్సాప్‌లోకి ఎక్కింది. ఇప్పుడు నా ముందున్న ఫస్టియర్ పిల్లలు అప్పుడు ఎనిమిదో క్లాసు. బడి అంటే గ్రూప్ అని వాళ్ళకి నేర్పింది బడే. తర్వాత గేట్లు తెరిచారు, గ్రూపులు మాత్రం మూయలేదు.

దీనికి మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. చాలామంది పిల్లలు ఇంటర్ రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉండి వస్తారు. అక్కడ ఫోన్ దొరికితే పెద్ద నేరం. ఇంటికి మాట్లాడాలంటే వారానికోసారి వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు, వెనక లైన్లో ఇరవై మంది. ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ ఎప్‌సెట్ రాసిన వారానికి నాన్న కొత్త ఫోన్ కొనిస్తాడు. రెండేళ్ళు పస్తుంచినవాడిని తీసుకెళ్ళి పెళ్ళి పందిట్లో కూర్చోబెట్టి, మితంగా తినరా అని చెప్పడమే ఇది. మితం ఎంతో వాడికి ఎవరు నేర్పారు? ఫస్ట్ సెమిస్టర్ మిడ్స్ అయ్యాక పేరెంట్స్ వచ్చి "ఇంటర్ల మంచిగ చదివిండు మేడమ్, ఇక్కడికొచ్చి ఖరాబైండు" అంటే నాకు ఏం చెప్పాలో తోచదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున 7:25కి కాలేజీ బస్సెక్కుతాను. ఎల్బీనగర్, బీఎన్ రెడ్డి నగర్ దాటి, సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం వైపు. ట్రాఫిక్ బాగుంటే గంట, లేకపోతే దేవుడి దయ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ బస్సులో చెవులు చిల్లులు పడేవి. అంత్యాక్షరి, గొడవలు, రికార్డులు ఒకరి ఒళ్ళో ఒకరు పెట్టుకుని కాపీ కొట్టడం. ఇప్పుడు ఏసీ బస్సంత నిశ్శబ్దం, ఏసీ లేకపోయినా. అయ్యో, పక్కపక్కనే కూర్చుని కూడా మాట్లాడుకోవడం మానేశారే అని చాలా రోజులు బాధపడ్డాను. ఒకరోజు బొంగుళూరు గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు, ముందు, మధ్య, వెనక కలిపి ఏడెనిమిది సీట్లలోంచి ఒకేసారి నవ్వు వినబడింది. అందరూ తల వంచుకునే ఉన్నారు. అప్పుడర్థమైంది. ఆ బస్సుకి ఒక ఇన్‌స్టా గ్రూప్ ఉంది. మాటలన్నీ అందులో నడుస్తున్నాయి, నాకు వినబడకుండా.

అందులో నేనూ ఉన్నానని ఇంకో వారానికి తెలిసింది. పక్క సీటమ్మాయి ఫోన్ మీద కన్ను పడితే నా బొమ్మ కనబడింది. నోరు తెరుచుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్న నేను. కింద పసుపు అక్షరాలు: "యూనిట్ ఫైవ్ మీరే చదువుకోండి". ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "సారీ మేడమ్, నేను చేయలేదు మేడమ్, డిలీట్ చేస్తా మేడమ్" అని ఒకటే వణుకు. నాకు పంపమన్నాను. ఇప్పుడు మా చెల్లెలు ఆదివారం ఫోన్ చేసి ఏదైనా పని చెప్పబోతే ఆ స్టిక్కరే పంపుతున్నాను. నిజం చెప్పాలంటే మా చదువుల్లో లెక్చరర్ల మీద మేం బాత్రూమ్ గోడల మీద రాసినవాటితో పోలిస్తే ఇది చాలా మర్యాద.

అందుకే నాకు "పిల్లలు మాట్లాడుకోవడం మానేశారు" అనేవాళ్ళతో పేచీ. వాళ్ళు మాట్లాడుకోకుండా ఉండలేకపోతున్నారు, అదే ఇబ్బంది. ఒక్క సెక్షన్‌కి ఎన్ని గ్రూపులున్నాయో ఒకసారి సీఆర్‌ని, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌ని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మేమందరం ఉండే అఫీషియల్ గ్రూప్. మేం లేని అసలు గ్రూప్. అబ్బాయిలది వేరు, అమ్మాయిలది వేరు. ఒక్కో ల్యాబ్ బ్యాచ్‌కి ఒకటి. హాస్టల్ వాళ్ళది. పీడీఎఫ్‌ల కోసం టెలిగ్రామ్. ఫెస్ట్ వాలంటీర్లది. మనస్పర్థ వచ్చి ఒకడిని తీసేయాలంటే ముఖం మీద చెప్పలేక, వాడు లేకుండా మళ్ళీ పెట్టిన గ్రూప్. ఆ చివరిది చెప్తూ వాడు కొంచెం నవ్వాడు. గ్రూప్‌లోంచి తీసేస్తే తెలుస్తుంది, పాత గ్రూప్ ఊరికే చప్పబడిపోతే తెలియదు. ఎవరూ మెసేజ్ పెట్టని గ్రూప్‌లో ఒక్కడే వారం రోజులు గుడ్ మార్నింగ్‌లు పెడుతూ ఉండిపోయిన పిల్లాడిని నేను ఎరుగుదును. మా రోజుల్లో క్యాంటీన్‌లో వేరే టేబుల్‌కి వెళ్ళిపోతే కనీసం కంటికి కనబడేది.

మంచి ఏమీ లేదా అంటే, ఉంది. చాలా ఉంది. దేవరకొండ దగ్గరి పల్లెటూరి నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒకబ్బాయికి నా ఇంగ్లిష్ పాఠం మొదటి రెండు నెలలు ఒక్క ముక్క ఎక్కలేదు. యూట్యూబ్‌లో తెలుగులో చెప్పేవాళ్ళని వెతుక్కుని పట్టుకున్నాడు. వాళ్ళలో ఒకాయన నాకంటే బాగా చెప్తాడు, చూశాను, కొంచెం ఈర్ష్య కూడా పడ్డాను. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఈపాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి చివరి తేదీ దగ్గరపడిందని ఆ పిల్లకి తెలిసింది ఒక సీనియర్ వాట్సాప్ స్టేటస్ చూసి. మా ఆఫీసు నోటీసు బోర్డు మీద లేదు. ఆ స్టేటస్ కంటపడకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోయేది, ఆ ఇంట్లో చదువు ఆగిపోయేది. ఎమర్జెన్సీలో ఓ-నెగెటివ్ రక్తం దొరకబుచ్చుకున్న పిల్లలు, సెలవుల్లో ఊళ్ళోంచే ప్రాజెక్టు కలిసి చేసుకున్న పిల్లలు, ఇలాంటివి ఎన్నైనా చెప్పగలను. ఫోన్ పగలగొట్టండి అనేవాళ్ళు ఈ పిల్లల ముఖాలు చూసి ఆ మాట అనాలి.

అసలు చదువుకి, సోషల్ మీడియాకి మధ్య గీత ఎక్కడుంది? పిల్లల చదువుల మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని అడిగింది. 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్ళలో, అంతకుముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. మా స్టాఫ్ రూములో ఒక సార్ ఈ లెక్క చూపించి "చూశారా" అన్నారు. నాకు వచ్చిన సందేహం వేరు. రాత్రి 10:48కి నేను వాట్సాప్‌లో పెట్టిన స్లిప్ టెస్ట్ మెసేజ్ ఏ లెక్కలోకి వస్తుంది? ఆ పిల్ల దానికోసం ఫోన్ తెరిచింది. మెసేజ్ చూసింది. పక్కనే స్టేటస్‌లున్నాయి, చూసింది. ఇన్‌స్టాలో ఎవరో ట్యాగ్ చేశారు, అటు వెళ్ళింది. ఇరవై నిమిషాల తర్వాత గుర్తొచ్చి పుస్తకం తీసింది. ఆ ఇరవై నిమిషాలు ఆమెవే, కాదనను. ఫోన్ తెరిపించింది మాత్రం నేను. రాత్రి పూట పిల్లల్ని సినిమా హాలు లోపల నిలబెట్టి హోంవర్కు చెప్పి, బయటికి వచ్చేటప్పుడు తెర వైపు చూడొద్దని ఏ టీచరైనా అంటుందా?

ఇక ఏడాది కిందటి సంగతి ఒకటి. చాలా కాలేజీల్లాగే మా దగ్గరా ఒక కన్ఫెషన్స్ పేజీ ఉండేది, ఇన్‌స్టాలో. అడ్మిన్ ఎవరో తెలియదు. బయోలో గూగుల్ ఫారం లింకు ఉంటుంది, పేరు లేకుండా ఏదైనా రాసి పంపొచ్చు. తొంభై పాళ్ళు పిచ్చి ప్రేమలే. ఈసీఈ-బి నీలం చుడీదార్, నీ నవ్వు సూపర్, ఇలాంటివి. ఒకరోజు ఒకమ్మాయి మీద పెట్టారు. క్యాంటీన్లో ఎవరో వెనక నుంచి తీసిన ఫొటో, ముఖం సగమే కనబడుతుంది, కింద రెండు లైన్లు. ఆ రెండు లైన్లు నేనిక్కడ రాయను. ఫొటోలో ఆ పిల్ల పక్కన ఉన్నది వాళ్ళ పెదనాన్న కొడుకు, ఫీజు కట్టడానికి వచ్చాడు. అది ఎవరికి చెప్తుంది? ఎంతమందికి చెప్తుంది?

తొమ్మిది రోజులు రాలేదు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు కాబట్టి పదో రోజు వచ్చింది. ల్యాబ్ అయ్యాక రికార్డు సంతకానికి చివర్లో నిలబడింది, అందరూ వెళ్ళేదాకా. ఏమైందమ్మా అంటే ఫోన్ తీసి చూపించింది. ఆడపిల్లల్ని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసులు, షీ టీమ్స్ ఉన్నారు కదా, 2014 నుంచి ఈ పనే చేస్తున్నారు, వాట్సాప్‌లోనే కంప్లైంట్ ఇవ్వచ్చు, పేరు బయటికి రానివ్వరు, నేను పక్కనుంటాను అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల తెలుస్తది మేడమ్. ఫస్టు ఫోన్ గుంజుకుంటరు. ఫోన్ లేకుంటే క్లాస్ గ్రూప్ లేదు, నోట్సుల్లేవు, ల్యాబ్ ఎప్పుడో తెల్వదు. తర్వాత కాలేజే బంద్ అంటరు."

నేను చాలాసేపు స్పెక్ట్రోమీటర్ వైపు చూస్తూ కూర్చున్నాను. తప్పు చేసినవాడి ఫోన్ వాడి దగ్గరే ఉంటుంది. దెబ్బ తిన్నపిల్ల ఫోన్ పోతుంది, దాంతో చదువూ పోతుంది. ఎందుకంటే ఆ చదువంతా ఫోన్లో పెట్టింది మేమే. ఇంట్లో వాళ్ళకి అది ఇన్‌స్టా ఆడే బొమ్మ, ఆ పిల్లకి కాలేజీ గేటు పాస్.

చివరికి ఇద్దరం కూర్చుని ఆ పోస్టుని రిపోర్ట్ కొట్టాం, తన ఫ్రెండ్స్ నలుగురితో కొట్టించాం. రెండు రోజులకి పోస్టు పోయింది, నెలకి పేజీ పోయింది. పేరులో ఒక అండర్‌స్కోర్ మార్చుకుని ఇంకో పేజీ వచ్చింది. మేనేజ్‌మెంట్ దాకా విషయం వెళ్ళాక క్యాంపస్‌లో ఫోన్లు నిషేధం అని సర్క్యులర్ వేశారు. ఆ సర్క్యులర్ మాకందరికీ వాట్సాప్‌లో వచ్చింది. పిల్లలకి ఫార్వర్డ్ చేయమని కూడా అందులోనే రాశారు.

మూడో సంవత్సరానికి వచ్చేసరికి ఇంకో జబ్బు, లింక్డ్‌ఇన్. రెండు గంటల వెబినార్‌లో కూర్చుంటే ఇచ్చే సర్టిఫికెట్‌కి కూడా "థ్రిల్డ్ టు అనౌన్స్" అని రాస్తారు. కింద వంద మంది కంగ్రాట్స్. ఆ వంద మందిలో తొంభై మంది ఆ రాత్రి నిద్ర పట్టక తామూ ఒక వెబినార్ వెతుక్కుంటారు. మా చదువుల్లో ప్లేస్‌మెంట్ టెన్షన్ ఒక సీజన్, ఇప్పుడు అది ఏడాది పొడుగునా. టెలిగ్రామ్‌లో పార్ట్ టైమ్ జాబ్ అని, వీడియోలకి లైక్ కొడితే డబ్బులని చెప్పి, మొదట రెండొందలు ఇచ్చి తర్వాత పద్దెనిమిది వేల ఫీజు డబ్బులు ఊడ్చుకుపోయిన కథ మా సెక్షన్లో ఒకటుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతైనా ఆగేదేమో, మోసపోయిన పిల్లాడికి ఎవరికైనా చెప్పడానికే పన్నెండు రోజులు పట్టింది. సిగ్గు.

పరిష్కారం అడిగితే రెండు జవాబులు వినబడతాయి. ఒకటి, చట్టం. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ళలోపు వాళ్ళకి సోషల్ మీడియా ఖాతాలు లేవు. మన 2023 డేటా చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటుంది, వాళ్ళ మీద నిఘా పెట్టి ప్రకటనలు వేయకూడదంటుంది. మంచివే. కానీ నా క్లాసులో కూర్చునేసరికి అందరికీ పద్దెనిమిది నిండుతాయి, లేదా నిండబోతుంటాయి. చట్టం ఆగిపోయిన చోటే నా అటెండెన్స్ రిజిస్టర్ మొదలవుతుంది. రెండో జవాబు, సెల్ఫ్ కంట్రోల్. ఇది చెప్పేవాళ్ళని నేను గమనిస్తుంటాను. సెమినార్ హాల్లో డిజిటల్ డిటాక్స్ మీద గంటసేపు మాట్లాడిన పెద్దమనిషి ఆ గంటలో నాలుగుసార్లు ఫోన్ చూసుకున్నారు. నవ్వాలనిపించలేదు, ఎందుకంటే లెక్కపెడుతున్న నేను అదే టైములో గ్రూప్‌లో ఆయన ఫొటోలు అప్‌లోడ్ చేస్తున్నాను, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ డాక్యుమెంటేషన్ కోసం.

కంపెనీలని నేను మార్చలేను. నా చేతిలో ఉన్నది నా గ్రూప్. అందుకని ఆ మంగళవారం తర్వాత సాయంత్రం ఏడు దాటితే అఫీషియల్ గ్రూప్‌లో ఏమీ పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రాత్రి ఏదైనా గుర్తొస్తే తలగడ పక్కన చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాను. టెస్టులు, రికార్డు తేదీలు క్లాసులో నోటితో చెప్తాను, డిపార్ట్‌మెంట్ ముందున్న నోటీసు బోర్డు మీద పెడతాను. ఆ బోర్డు అద్దం తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. లోపల 2021 నాటి టైమ్ టేబుల్ ఉంది, గుండుసూదులు తుప్పు పట్టి కాగితాన్ని పట్టుకుని వదల్లేదు.

పిల్లలు సంతోషిస్తారనుకున్నాను. రెండో వారంలో సీఆర్ వచ్చాడు. "మేడమ్, ఏదైనా ఉంటే రాత్రే పెట్టండి మేడమ్. పెట్టకపోతే అందరూ నన్ను అడుగుతున్నరు, రేపు టెస్ట్ ఉందా లేదా అని. నేనేం చెప్పాలె? ఉందని తెలిస్తే చదువుకుంటం, లేదని తెలిస్తే పండుకుంటం. తెలువకపోతే నిద్ర పడతలేదు." ఇంకొకడు నేను బోర్డు మీద పెట్టిన కాగితాన్ని ఫొటో తీసి రాత్రి పదకొండింటికి మేం లేని గ్రూప్‌లో పెట్టాడట. ఒక పేరెంట్ ఫోన్ చేసి, వేరే సెక్షన్లో మేడమ్ రోజూ రాత్రి మెటీరియల్ పంపిస్తున్నారు, మీరు పంపడం లేదట, శ్రద్ధ తగ్గిందా అని మర్యాదగానే అడిగారు. నేను మర్యాదగానే సమాధానం చెప్పాను. ఫోన్ పెట్టాక చేతులు వణికాయి, అది వేరే సంగతి.

అయినా మానలేదు. మూడో బెంచీ అమ్మాయి ఈ మధ్య క్లాసులో నిద్రపోవడం లేదు. దానికి కారణం నేనేనని చెప్పుకోవాలని ఉంది గానీ, హాస్టల్లో వైఫై పాడై నెల రోజులైందని కూడా విన్నాను.

నిన్న రాత్రి పడుకోబోతుంటే ఫోన్ వెలిగింది. డిపార్ట్‌మెంట్ ఫ్యాకల్టీ గ్రూప్. రేపు ఉదయం తొమ్మిదిలోగా అన్ని సబ్జెక్టుల కోర్స్ ఫైళ్ళు టేబుల్ మీద ఉండాలని హెచ్‌వోడీ మెసేజ్. టైమ్ 10:52. చూడకుండా ఉండాల్సింది, చూసేశాను. చదివినవాళ్ళ లిస్టులో నా పేరూ పడిపోయింది. లేచి లైటు వేసి, లాప్‌టాప్ తెరిచి, 10:55కి "నోటెడ్ సర్" అని పెట్టాను. నాకంటే ముందే పద్నాలుగు మంది పెట్టేశారు.